పసి ప్రాణాలు నిలిచాయి, బతుకులు నిలపాలి

మన సమాజాన్ని గురించి వెలువడే అంకెలు సాధారణంగా సంతోషం కలిగించేవి కావు. చదువులో వెనుకబాటు, ఉద్యోగాలలో వెనుకబాటు, అప్పులు, ఇరుకు ఇళ్ళు. ఏ నివేదిక తెరిచినా కనిపించేవి ఇవే. అయితే ఆ నివేదికల మధ్యనే, చాలామంది దృష్టికి రాని ఒక అంకె పరిశోధకులను ఎన్నో ఏళ్ళు ఆశ్చర్యపరిచింది. మన దేశంలో పుట్టిన ముస్లిం బిడ్డ మొదటి ఏడు దాటి, ఐదవ ఏడు దాటి బతికే అవకాశం హిందూ కుటుంబాల బిడ్డకంటే ఎక్కువగా ఉంటూ వచ్చిందన్నదే ఆ విషయం.

ఇందులో ఆశ్చర్యం ఏముందని కొందరు అడగవచ్చు. పేదరికం ఎక్కువైన చోట పసిబిడ్డల చావులు ఎక్కువ. తల్లికి చదువు లేనిచోట ఎక్కువ. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం తగ్గినచోట ఎక్కువ. ఇది ప్రపంచమంతటా రుజువైన సంగతి. ఈ మూడు లెక్కల ప్రకారం చూస్తే ముస్లిం బిడ్డలే ఎక్కువగా మరణించాలి. కాని జరిగింది దానికి విరుద్ధం.

1998-99లో జరిగిన రెండవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హిందూ కుటుంబాలలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 77 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసినట్లు తేలింది. ముస్లిం కుటుంబాలలో ఆ సంఖ్య సుమారు 59. 2005-06 నాటి మూడవ సర్వేలో హిందువులలో సుమారు 58, ముస్లిములలో 52. తేడా తగ్గినా తొలగిపోలేదు.

పరిశోధకులు ఏం కనుగొన్నారు?

సోనియా భలోత్రా, క్రిస్టీన్ వాలెంతే, ఆర్థర్ వాన్ సూస్ట్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు 2010లో ఈ చిక్కుముడి మీద ఒక పరిశోధనా వ్యాసం ప్రకటించారు. ముస్లిములు పట్టణాలలో ఎక్కువగా నివసించడం వంటి కొన్ని కారణాలు వారి బిడ్డలకు మేలు చేసిన మాట నిజమేనని వారు గుర్తించారు. కాని తల్లిదండ్రుల చదువు తక్కువ కావడం వంటివన్నీ కలిపి లెక్క కడితే, ముస్లిం బిడ్డలకు కీడే జరగాలి. మరి ఈ మేలు ఎక్కడినుంచి వచ్చింది? ఆహారపు అలవాట్లా? ఆడపిల్లను చిన్నచూపు చూడడం కొంత తక్కువ కావడమా? ఇలా అనేక ఊహలు సాగాయి.

2018లో మైకేల్ జెరూసో, డీన్ స్పియర్స్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు గట్టి సమాధానం చూపించింది. ఆ సమాధానం చాలా మామూలు విషయం. అది మరుగుదొడ్డి. మొదటి మూడు కుటుంబ ఆరోగ్య సర్వేల వివరాలను వారు పరిశీలించారు. ఆ కాలంలో హిందూ కుటుంబాలలో నూటికి 67 ఆరుబయట మలవిసర్జనకు వెళ్ళేవి. వారికంటే పేదవారైన ముస్లిం కుటుంబాలలో అలా వెళ్ళేవి నూటికి 42 మాత్రమే. ఐదేళ్ళలోపు మరణాలు ముస్లిం పిల్లలలో సుమారు 18 శాతం తక్కువగా ఉండడానికి ప్రధాన కారణం ఈ తేడాయేనని వారు నిర్ధారించారు.

ఆరుబయటి మలంలోని క్రిములు ఈగల ద్వారా, పాదాల ద్వారా, బావినీటి ద్వారా పసివాడి నోటికి చేరతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లోని నీరు పోయి బిడ్డ గంటల్లో వాడిపోతాడు. ప్రాణం దక్కినా, మాటిమాటికీ జబ్బుపడే పేగులు తిన్న తిండిని ఒంటికి పట్టనివ్వవు. బలహీనపడిన బిడ్డను ఆ తరువాత ఏ చిన్న జ్వరమైనా తీసుకుపోతుంది.

ఈ అధ్యయనంలో మరొక ముఖ్యమైన సంగతి ఉంది. మన ఇంట్లో దొడ్డి ఉందా లేదా అన్నదానికంటే, మన చుట్టుపక్కల ఇళ్ళలో ఉందా లేదా అన్నదే బిడ్డ ప్రాణాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందట. ముస్లిములు ఎక్కువగా ఉన్న వాడలలో నివసించే హిందూ బిడ్డలకూ ఆ మేలు అందింది. ఇరుగుపొరుగంతా ఆరుబయటకు వెళ్ళే చోట నివసించే ముస్లిం బిడ్డలకు ఆ మేలు దక్కలేదు. క్రిమికి మతం లేదు, గోడ లేదు. ఒకరి శుభ్రత పక్కవారి బిడ్డను కూడా కాపాడుతుంది. ఒకరి నిర్లక్ష్యం పక్కవారి ఒడిని కూడా ఖాళీ చేస్తుంది. పొరుగువారి హక్కును గురించి మన ధర్మం అంతగా నొక్కి చెప్పడంలోని అర్థం ఇక్కడ బోధపడుతుంది.

తహారత్ నేర్పిన పాఠం

పరిశుభ్రతను విశ్వాసంలో భాగంగా నేర్పిన ధర్మం మనది. రోజుకు ఐదుసార్లు వజూ, మలమూత్ర విసర్జన తరువాత నీటితో శుద్ధి, ఇవి మన ఇళ్ళలో పసితనం నుంచే అలవాటయ్యే పద్ధతులు. మనుషులు నడిచే దారిలో, వారు సేదతీరే నీడలో, నిలిచిన నీటిలో విసర్జించరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) పద్నాలుగు శతాబ్దాల క్రితమే హెచ్చరించారు. సూక్ష్మదర్శినులు లేని రోజుల్లో చెప్పిన ఆ మాటను చదువురాని మన అవ్వలు, నానమ్మలు శ్రద్ధగా పాటించారు. స్త్రీల మరుగు కోసం ఇంట్లోనే దొడ్డి ఉండాలని పట్టుబట్టారు. వారికి శిశు మరణాల రేటు అంటే ఏమిటో తెలియదు. కాని వారి పట్టుదల వల్ల ఎన్నో వేల పసిప్రాణాలు నిలిచాయి.

దీన్ని చూసి గర్వించి ఊరుకుందామా? అందుకు వీలులేదు. 2014 తరువాత దేశమంతటా మరుగుదొడ్ల నిర్మాణం వేగంగా సాగింది. 2015-16 సర్వేలో దొడ్డి వాడని కుటుంబాలు నూటికి 39 ఉండగా, 2019-21 సర్వే నాటికి 19కి తగ్గాయి. ఇది అందరూ సంతోషించవలసిన మార్పు. పొరుగువారి బిడ్డలు బతకడం మనకు కూడా శుభమే.

మరోవైపు, ఇంట్లో దొడ్డి ఉన్నంత మాత్రాన పని పూర్తికాదని మన హైదరాబాదు అనుభవమే చెబుతోంది. 2009 మే నెలలో భోలక్‌పూర్ బస్తీలో తాగునీరు కలుషితమై పదిమందికి పైగా మరణించారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఇళ్ళలో దొడ్లు ఉన్నవారే, వజూ చేసుకునేవారే. కాని కొళాయిలో వచ్చే నీరు శుభ్రంగా లేనప్పుడు ఇంటి శుభ్రత ఒక్కటే ఏం కాపాడగలదు? మురుగు కాలువ పక్కనే మంచినీటి గొట్టం ఉన్న గల్లీలు మన బస్తీలలో ఎన్నో ఉన్నాయి. వాటి గురించి అర్జీ పెట్టడం, వెంటపడి పని చేయించుకోవడం కూడా తహారత్‌లో భాగమేనని మేము భావిస్తున్నాము.

ఎక్కువమంది పిల్లలన్న అపవాదు

ముస్లిముల జనాభా గురించి మాట వస్తే పసిబిడ్డలు బతికిన సంగతి ఎవరూ చెప్పరు. ఎంతమందిని కంటున్నారన్నదే చర్చ. ఈ చర్చకు కోపంతో కాదు, లెక్కలతో జవాబు చెప్పాలి.

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమంది బిడ్డలను కంటుందో చెప్పే అంకెను సంతాన రేటు అంటారు. 1992-93లో జరిగిన మొదటి సర్వేలో ముస్లిం స్త్రీల సంతాన రేటు 4.4, హిందూ స్త్రీలది 3.3. 2019-21 నాటి ఐదవ సర్వేలో ముస్లిం స్త్రీలది 2.36కి, హిందూ స్త్రీలది 1.94కి దిగాయి. అంటే ఒక తరం కాలంలో ముస్లిం కుటుంబం సగానికి దగ్గరగా చిన్నదైంది. ఇరువురి మధ్య తేడా ఒక బిడ్డకు పైగా ఉన్నది అర బిడ్డకంటే తక్కువకు తగ్గింది.

ఇక ప్రాంతాలవారీగా చూడండి. ఇదే ఐదవ సర్వేలో కేరళ ముస్లిం స్త్రీల సంతాన రేటు 2.25 కాగా, బీహార్ హిందూ స్త్రీలది 2.88. సంతానం మతాన్ని బట్టి నిర్ణయమయ్యేదే అయితే ఈ లెక్క ఇలా ఉండదు. కేరళలో ఆడపిల్ల బడికి వెళ్ళింది, ఊరిలో ఆస్పత్రి ఉంది, పుట్టిన బిడ్డ బతుకుతాడన్న నమ్మకం ఉంది. దేశం మొత్తం మీద బడిముఖం చూడని స్త్రీల సంతాన రేటు 2.8 ఉండగా, పన్నెండేళ్ళు లేదా అంతకు మించి చదివిన స్త్రీలది 1.8. కుటుంబం పెద్దదా చిన్నదా అన్నది తేల్చడంలో ఆడపిల్ల చదువుకు ఉన్న బలం ఇంతటిది.

ముస్లిములు అధికంగా ఉన్న బంగ్లాదేశ్ దీనికి మరో సాక్ష్యం. 1975లో అక్కడి సంతాన రేటు 6.3. 2011 నాటికి 2.3. ఢాకాకు ఆగ్నేయంగా ఉన్న మత్లబ్ ప్రాంతంలో 1960ల నుంచి ప్రతి పుట్టుకనూ, ప్రతి చావునూ నమోదు చేస్తూ వస్తున్నారు. 1977లో అక్కడ సగం గ్రామాలలో ఒక ప్రయోగం ఆరంభమైంది. ఆ ఊళ్ళకు చెందిన, కొంత చదువుకున్న స్త్రీలే ఇంటింటికీ వెళ్ళి కాన్పుల మధ్య ఎడం గురించి, తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి చెప్పి, కావలసిన సాధనాలు, మందులు అందించారు. పరదా పాటించే ఇల్లాలు గడప దాటకుండానే తన సందేహం తీర్చుకోగలిగింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1996లో సర్వే చేసినప్పుడు ఆ గ్రామాలలో తల్లుల ఆరోగ్యం మెరుగ్గానూ, పిల్లల మరణాలు తక్కువగానూ ఉన్నట్లు తేలింది. అక్కడ ఎవరూ మతం మారలేదు, మసీదులు మూతపడలేదు. బెదిరింపుతో కాక, గౌరవంతో చెప్పిన మాట ఫలించింది.

పేదవాడు ఎక్కువమంది పిల్లలను ఎందుకు కంటాడు అన్న ప్రశ్నకూ పరిశోధకుల వద్ద జవాబుంది. పుట్టినవారిలో ఎందరు మిగులుతారో తెలియని ఇంట్లో ఒకరిద్దరితో ఆగడం సాహసం. పింఛను లేని ముసలితనానికి కొడుకే పింఛను. మెకానిక్ షెడ్డులో, గాజుల బట్టీ దగ్గర, బీడీల చాట ముందు పదేళ్ళ పిల్లవాడి చేతులు కూడా సంపాదనే. బిడ్డలు బతుకుతారన్న భరోసా కలిగి, బడి అందుబాటులోకి వచ్చి, ముసలితనానికి ఏదో ఒక ఆధారం దొరికినప్పుడు ఆ ఇల్లే క్రమంగా తన లెక్క మార్చుకుంటుంది. పేదరికానికి భయపడి సంతానాన్ని చంపుకోవద్దని దివ్యఖుర్ఆన్ గట్టిగా వారించింది. ఆహారం ఇచ్చేవాడు అల్లాహ్ అన్న విశ్వాసం మనది. అయితే పుట్టిన బిడ్డకు పాలు, చదువు, శిక్షణ అందించే బాధ్యత తల్లిదండ్రులదేనని కూడా ఆ ధర్మమే చెప్పింది. తల్లి రెండేళ్ళపాటు పాలివ్వాలన్న ఖుర్ఆన్ సూచనను శ్రద్ధగా పాటించడం కాన్పుల మధ్య ఎడానికి కూడా కొంత తోడ్పడుతుంది, కాని అదొక్కటే చాలదు. కాన్పు తరువాత మళ్ళీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్ళు ఆగడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా ఇదే. ఈ విషయంలో సందేహాలున్న దంపతులు సంకోచించక డాక్టరునూ, నమ్మకమైన ఆలిమ్‌నూ ఇద్దరినీ అడగాలి. ఇమామ్ గజాలీ వంటి మహా పండితులు తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే గర్భనిరోధాన్ని చర్చించి, దాన్ని అనుమతించిన సంగతి మరువరాదు.

బతికిన బిడ్డ ఎక్కడికి పోయాడు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఐదవ ఏడు దాకా తక్కినవారికంటే ముందున్న మన బిడ్డ, ఆరవ ఏట బడి గుమ్మం దగ్గర ఎందుకు వెనుకబడుతున్నాడు?

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక ఈ సంగతిని దేశం ముందు పెట్టింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వయసున్న ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది అసలు బడిలో చేరనివారో, మధ్యలో మానేసినవారో అని కమిటీ తేల్చింది. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే పోతారన్న ప్రచారం అబద్ధమని, అలా వెళ్ళేవారు నూటికి మూడు నాలుగు మందేనని కూడా చెప్పింది. దేశంలో ఇరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు 7 శాతం పట్టభద్రులో డిప్లొమా పొందినవారో కాగా, ముస్లిములలో 4 శాతం కూడా లేరు.

ఆడపిల్లల సంగతి మరింత ఆలోచింపజేసేది. 2001 జనాభా లెక్కలలో ఆరేళ్ళలోపు ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు హిందువులలో 925 మంది ఆడపిల్లలు ఉండగా, ముస్లిములలో 950 మంది ఉన్నారు. 2011 నాటికి ఇవి 913, 943 అయ్యాయి. ఆడబిడ్డను కడుపులోనే చంపుకునే పాపం మనలో కొంత తక్కువే. కాని మనలోనూ తగ్గుదల మొదలైందని రెండవ అంకె హెచ్చరిస్తున్నది. ఆడశిశువులను సజీవంగా పాతిపెట్టే దురాచారాన్ని రూపుమాపిన ప్రవక్త (స) అనుచరులకు ఇది చిన్న విషయం కాకూడదు. పుట్టనిచ్చిన ఆడపిల్లను చదవనిచ్చామా అంటే, అదే 2001 లెక్కలలో ముస్లిం స్త్రీల అక్షరాస్యత 50 శాతం దగ్గర ఆగిపోయింది. దేశంలోని స్త్రీల సగటు సుమారు 54.

చదువు ఆగిన చోట పెళ్ళి మొదలవుతుంది. 2019-21 సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29, తెలంగాణలో 23కు పైగా. ఇవి అన్ని మతాలవారినీ కలిపిన లెక్కలు. మన బస్తీలు ఇందుకు మినహాయింపు అనుకోవడం ఆత్మవంచన. పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి చేస్తే పదిహేడో ఏట తొలి కాన్పు, రక్తహీనత, తక్కువ బరువుతో పుట్టే శిశువు. అంటే మన నానమ్మలు శుభ్రతతో సంపాదించిపెట్టిన మేలును మనం తొందరపాటు పెళ్ళితో పోగొట్టుకుంటున్నాము.

పెళ్ళి తొందరకు పేదరికం ఒక కారణమైతే, జోడే కీ రఖం ఇంకో కారణం. పిల్ల వయసు పెరిగినకొద్దీ, చదువు పెరిగినకొద్దీ వరుడి ధర పెరుగుతుందన్న భయంతో తండ్రి పదో తరగతికే పుస్తకాలు కట్టిపెట్టిస్తాడు. వరుడు వధువుకు మహర్ ఇవ్వాలన్న ధర్మాన్ని తలకిందులు చేసి, వధువు తండ్రి చేతనే స్కూటరు, ఫర్నిచరు, రొక్కం ఇప్పిస్తున్నాము. ఆపైన షాదీఖానా, రెండు రకాల బిర్యానీ. ఆ అప్పు తీరేలోగా చిన్న కొడుకు బడి మాని వెల్డింగు షాపులో చేరతాడు. ఒక్క పెళ్ళి ఇద్దరు పిల్లల చదువును మింగుతుంది. పేదరికం ఒక తరం నుంచి మరో తరానికి చేరే దారులలో ఇది ఒకటి. ఈ దారిని మూయడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

మొహల్లా చేయగలిగినవి

ప్రభుత్వాలు చేయవలసినది చాలా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ముస్లిములలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం వచ్చింది. కాని ఇంటర్ దాకా చేరని బిడ్డకు ఇంజనీరింగు సీటు ఉండి ఏం లాభం? ఆ పిల్లవాడిని, ఆ పిల్లను అక్కడిదాకా నడిపించవలసినది ముందు మనమే.

ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలో ఒక చిన్న లెక్క తీయవచ్చు. ఈ ఏడాది ఎంతమంది పుట్టారు, ఎంతమందికి జనన ధ్రువపత్రం ఉంది, ఎంతమందికి టీకాలు పూర్తయ్యాయి, ఏడవ తరగతి తరువాత ఏ ఇంట్లో పిల్ల బడి మానింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక నోటుపుస్తకంలో పడతాయి. పరిశోధకులు కోట్లు ఖర్చుపెట్టి తీసే లెక్కలాంటిదే ఇది. తేడా ఏమిటంటే, ఈ పుస్తకంలో ప్రతి అంకెకూ ఒక ఇల్లుంటుంది, తలుపు తట్టగల మనిషి ఉంటాడు.

చదువు ఆగిన పిల్ల ఇంటికి ఇద్దరు స్త్రీలు వెళ్ళి మాట్లాడాలి. అర్హులైన పేద విద్యార్థులకు జకాత్ సొమ్ము రమజానులో ఒక్కసారిగా కాక, ఫీజు కట్టవలసిన నెలలో అందేలా చూడాలి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ఎలా కలపాలో ప్రతి తల్లికీ తెలియాలి. మురుగుతో కలిసిన నీరు వచ్చే గల్లీ తరఫున పదిమంది సంతకాలతో అర్జీ వెళ్ళాలి. పక్కవాడలోని హిందూ సోదరులను కూడా అందులో కలుపుకోవాలి. ఆ నీరు వారి పిల్లలూ తాగుతున్నారు. జోడే కీ రఖం తీసుకున్న పెళ్ళికి భోజనానికి వెళ్ళబోమని ప్రతి మొహల్లాలో కనీసం పది ఇళ్ళు నిర్ణయించుకోవాలి. ఖతీబ్ సాహెబులు ఏడాదిలో ఒక్క జుమా ఖుత్బానైనా ఈ విషయానికి కేటాయించాలని మేము సవినయంగా కోరుతున్నాము.

ఇద్దరు ఆడపిల్లలను ప్రేమతో పెంచి పెద్దచేసినవారికి తన సాన్నిధ్యం దొరుకుతుందని ప్రవక్త (స) శుభవార్త చెప్పారు. పెంచడమంటే ప్రాణం నిలబెట్టడం ఒక్కటే కాదు. ఆ మొదటి పని మన పెద్దలు పేదరికంలోనూ చేసి చూపించారు. బడిలో చివరిదాకా నిలపడం, వయసు వచ్చాకే పెళ్ళి చేయడం, అప్పు లేకుండా కొత్త కాపురం పెట్టించడం అన్న రెండవ పని మన వంతుకు మిగిలింది. ఆ బాధ్యతను నెరవేర్చే శక్తిని, సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.